ఖాదర్ సార్ నాలుగు రూపాయల పుస్తకం

మొన్న మనవరాలి స్కూలు ప్రాజెక్టు కోసం స్టేషనరీ షాపుకి వెళ్ళి బొమ్మలకు వాడే నల్ల సిరా అడిగాను. షాపతను సీసా మూత తిప్పి, "ఎండిపోలేదు, చూసుకోండి" అంటూ నా ముక్కు దగ్గర పెట్టాడు. కర్పూరం కలిసిన ఆ ఘాటు వాసన తగలగానే ఒకడుగు వెనక్కి వేశాను. నా ఈడు వాళ్ళు పాత వాసనలు తగిలితే మురిసిపోతారంటారు. నాకు మాత్రం ఆ వాసనతో పాటు పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినిపిస్తుంది, అరచేతుల్లో చెమట పడుతుంది. యాభై ఏళ్ళు దాటిపోయినా ఆ భయం నన్ను వదల్లేదు. సీసా కొనకుండా ఇంటికొచ్చి మనవరాలి చేత చీవాట్లు తిన్నాను. దానికి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఖాదర్ సార్‌ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు.

ఖాదర్ మొహిద్దీన్ గారు నెల్లూరులో నేను చదివిన కాలేజీలోనే జువాలజీ లెక్చరరు. నేను డిగ్రీ పూర్తి చేశాక అదే డిపార్ట్‌మెంటులో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఏడాదికొకసారి ఆర్డరు తిరగరాయించుకోవలసిన తాత్కాలిక ఉద్యోగం. మాది అల్లూరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లె. ఆ పల్లెలో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాబట్టి, ఉద్యోగం పోతుందేమోనన్న దిగులు నాకు అన్నంతో పాటే కడుపులోకి పోయేది. సార్ బక్కపలచని మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. ఎవరినీ గట్టిగా కసిరింది లేదు, కానీ ఆ మెల్లని గొంతులో వచ్చే ఎత్తిపొడుపుకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నేను చేరిన మొదటి వారంలోనే నా బల్ల దగ్గరికొచ్చి, "కప్పను కోస్తుండావా, ఎర్రగడ్డలు తరుగుతుండావా అబ్బయ్యా?" అన్నారు. విద్యార్థులంతా వినేలా అననందుకు ఆ రోజంతా ఆయనకు మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాను.

అప్పట్లో మా పిల్లలు చదవాల్సిన పుస్తకం సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, వచ్చేది. ముప్పై రూపాయల పైమాట. లైబ్రరీలో మూడు కాపీలుండేవి. బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. పిల్లలు వంతులు వేసుకుని నిలబడి నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్ళు. చేతిరాత వేగంగా ఉన్నవాడు పాసయ్యేవాడు, నెమ్మదిగా రాసేవాడు తప్పేవాడు. పైగా అందులో ఉన్న చేపలన్నీ ఎక్కడివో చలి సముద్రాలవి. మా సముద్రంలో ఉన్న పండుగొప్ప, మాగ, సొర ఒక్కటీ అందులో లేవు. సార్ ఈ బాధ పడలేక తానే ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టారు. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు, మన తీరంలో దొరికే జీవాలు. ఆయన రాసే తీరు వింతగా ఉండేది. సాయంత్రం నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పేరా చదివేవారు. విన్నది ఎవరో ఒకరు తమ తెలుగులో తిరిగి చెప్పాలి. చెప్పేవాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడి వాక్యం కొట్టేసేవారు. ఒక పిల్లవాడు "సార్, నాది తప్పు, నేను సరిగ్గా వినలేదు" అంటే, "నువ్వు బాగానే విన్నావు. నేనే బాగా రాయలేదు. కూర్చో" అన్నారు.

బొమ్మలు గీసే పని నాకిచ్చారు. పట్నంలో ఆర్టిస్టు చేత గీయిస్తే ధర పెరుగుతుందని ఆయన భయం. "చేపను కోసేది నీకు పుట్టుకతో వచ్చినాది. గీసేది నేను నేర్పిస్తా" అన్నారు. రెండేళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా పల్లెకు పోయి, ఒడ్డున ఇసుకలో కూర్చుని, వలలోంచి తీసిన చేపను తీసినట్టే గీశాను. తర్వాత వాటిని ల్యాబులో నల్ల సిరాతో దిద్దేవాణ్ణి. అరవై మూడు బొమ్మలు. ఆ రోజుల్లో బొమ్మ అచ్చులో రావాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి, బ్లాకుకు ఖర్చవుతుంది. అందుకని సార్ నాలుగైదు బొమ్మల్ని ఒకే పేజీలో ఇరికించి ఒకే బ్లాకుకు సరిపెట్టేవారు. మద్రాసులో కాలేజీ పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు పంపిన ఉత్తరం నేనే సాపు రాశాను. అందులో ఆయన చివరి వాక్యం ఇది. పుస్తకం ధర నాలుగు రూపాయలు దాటకూడదు, దాటేటట్టయితే దయచేసి వేయవద్దు, రాతప్రతి తిప్పి పంపండి. వెయ్యమని అడిగే ఉత్తరంలో వెయ్యవద్దని ఎవరైనా రాస్తారా? "ఇట్టా రాస్తే వాళ్ళు మనల్ని తలతిక్కోళ్ళు అనుకుంటారు సార్" అన్నాను. "అనుకోనీ. ముప్పై రూపాయల పుస్తకం ఇప్పటికే ఒకటుండాది గదా, రెండోది దేనికి?" అన్నారు.

సంక్రాంతి సెలవుల ముందు రిజిస్టరు పోస్టులో పంపాం. ఆ తర్వాత ఎదురుచూపు. సార్ పైకి మామూలుగానే ఉండేవారు గానీ, రోజూ పన్నెండు గంటలకు క్లాసు ముగించుకుని వస్తూ వస్తూనే "పోస్టు ఏమన్నా వచ్చినాదా?" అని అడిగేవారు. నేను లేదనేవాణ్ణి. ఆయన చేతులు కడుక్కోవడానికి పోయేవారు. మద్రాసు నుంచి కవరు వస్తే తాను క్లాసులో ఉన్నా సరే విప్పి చదవమని నాకు ముందే చెప్పి ఉంచారు. ఒక రోజు అది వచ్చింది. పోస్ట్‌మాన్ పొడుగాటి కవరు ఇచ్చి సంతకం పెట్టించుకుని పోయాడు. నేను నిలబడే చదివాను. రాత స్పష్టంగా ఉంది, ధర సంగతి ఆలోచించవచ్చు, కానీ బొమ్మల విషయంలో మా పరిశీలకులకు తీవ్రమైన అనుమానం ఉంది అని రాశారు. ఏ పుస్తకంలోనైనా చేపను తల ఎడమ వైపుకు ఉండేటట్టు గీస్తారు, ఇది చిన్న క్లాసుల వాళ్ళకు కూడా తెలిసిన పద్ధతి. ఈ ప్రతిలో ప్రతి చేప తలా కుడి వైపుకే ఉంది. వేరే పుస్తకంలోని బొమ్మల్ని కాగితం వెనక నుంచి, వెలుతురుకు పెట్టి దించి, దొంగతనం తెలియకుండా చేశారని అనుమానించవలసి వస్తోంది. పదిహేను రోజుల్లోగా సమాధానం రాకపోతే రాతప్రతి తిప్పి పంపుతాం.

బొమ్మలు గీసింది నేను. దొంగ అని రాసింది సార్ పేరు మీద. మెట్ల మీద సార్ చెప్పుల చప్పుడు వినపడింది. నేనేం చేస్తున్నానో ఆలోచించకుండానే ఆ కవరును స్పెసిమెన్ల బీరువాలో, ఎవరూ కదిలించని పీతల జాడీల వెనక దూర్చేశాను. సార్ లోపలికొచ్చి, "పోస్టు ఏమన్నా వచ్చినాదా?" అన్నారు. "లేదు సార్" అన్నాను. ఒక క్షణం నావైపు చూసి చేతులు కడుక్కోవడానికి పోయారు.

తొమ్మిది రోజులు. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపాను. చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆయన పుస్తకం పోతుంది. రెండూ తెలుసు. తెలిసీ రోజూ పన్నెండింటికి ఆ ఒక్క అబద్ధం చెప్పేవాణ్ణి. ఒకసారి బీరువాలోంచి తీసి చించేద్దామని కూడా అనుకున్నాను, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. తొమ్మిదో రోజు కోవూరు నుంచి వచ్చే రమణమ్మ అనే విద్యార్థిని, లైబ్రరీ పుస్తకం ఎక్కించుకుంటూ తలెత్తి, "అన్నా, సార్ పుస్తకం ఎప్పుడొస్తుంది? వచ్చే ఏడు మా తమ్ముడు చేరతాడు. వాడికి రాత రాదు, కోడి గీకుడే. నాలుగు రూపాయలంటే మా నాయన కొనిస్తానన్నాడు" అని అడిగింది. నేను లేచి వచ్చేశాను. అప్పుడు బుద్ధొచ్చిందని చెప్పుకోను. ఇక మొయ్యలేకపోయాను, అంతే.

సార్ ఒక్కరే ఉన్నప్పుడు కవరు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది వచ్చి తొమ్మిది రోజులైంది సార్. నేనే దాచినాను" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. నేను గోడకానుకుని తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన ఉత్తరం మడిచి, "మీ ఇంట్లో చేపను ఎట్టా పెడతారు?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "ఒడ్డున. ఇసుకలో పరిచేటప్పుడు తల ఎటు పెడతారు?" అప్పటికి గానీ నాకు తట్టలేదు. మా పల్లెలో పట్టిన చేపను తల సముద్రం వైపే పెట్టి పరుస్తారు. ఊరి వైపు తల తిప్పితే గంగమ్మకు కోపమని, లోపలున్న పడవకు మంచిది కాదని మా పెద్దల మాట. నేను ఎండ కళ్ళల్లో పడకుండా ఉత్తరం మొహంగా కూర్చుని గీసేవాణ్ణి. సముద్రం నాకు కుడిచేతి పక్క. చేప తలా అటే. రెండేళ్ళలో నాకు ఇంకో రకంగా గీయొచ్చన్న ఆలోచనే రాలేదు. చదివిన పుస్తకంలో చేపలన్నీ ఎడమకే చూస్తున్నాయి గదా అంటారా, చూస్తూనే ఉన్నాను, కనిపించలేదు. "నాకూ కనిపించలేదు గదా" అన్నారు సార్. "అరవై మూడు బొమ్మలూ నేనూ చూసినా. పొలుసులు లెక్కపెట్టినా, రెక్కల ముళ్ళు లెక్కపెట్టినా. తల ఎటుండాదో చూడలా." తర్వాత వేళ్ళ మీద లెక్క వేసుకుని, "ఇంకా ఆరు రోజులుండాయి. ఉత్తరం రాసి లాభం లేదు. రేపు పొద్దున మద్రాసు బండికి పోదాం" అన్నారు. ఆ తొమ్మిది రోజుల గురించి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేదనిపించింది.

రైలు బండి గూడూరు దాటింది. నేను నా భయాన్ని కిటికీ బయటికి చూస్తూ దాచుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆయనే మొదలుపెట్టారు. వాళ్ళ నాయన పుస్తకాలకు అట్టలు కట్టేవాడట. "వకీళ్ళవి, డాక్టర్లవి పుస్తకాలొచ్చేవి. గంజి పూసి, బరువు పెట్టి, ఆరబెట్టేవాడు. అది ఆరేదాకా పుస్తకం మా ఇంట్లో ఉంటాది. ఆరినాక పోతాది. మా నాయన అంచులకు గంజి పూసి, మధ్య కాగితాలు నాకు వదిలేవాడు. నేను చదివింది అంతా గంజి ఆరేలోపల చదివిందే. వానాకాలమైతే ఇంకో రోజు దక్కేది" అన్నారు. నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి పుస్తకాన్ని నేను పీతల జాడీల వెనక పెట్టాను.

మద్రాసు జార్జి టౌన్‌లో ఆ ప్రచురణ సంస్థ ఆఫీసు మేడ మీద ఉంది. యజమాని పెద్దాయన, తెల్లటి పంచె, విభూతి రేఖలు. మా రాతప్రతి అప్పటికే దారంతో కట్టి, తిప్పి పంపడానికి సిద్ధంగా ఒక పక్కన పెట్టి ఉంది. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "ఏమీ అనుకోకండి. మాకు పేరు ముఖ్యం. ఈ బొమ్మలు గీసిందెవరు?" అన్నారు. సార్ సమాధానం చెప్పలేదు. నావైపు చూడనూ లేదు. ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. ఆయనే నన్ను చూపించి ఉంటే తల ఊపి ఊరుకునేవాణ్ణి. కొంతసేపటికి "నేనే గీసినానయ్యా. దించలేదు. గీసినాను" అని నా గొంతు నాకే వినపడింది.

పెద్దాయన కాగితం, పెన్సిలు నా ముందుకు తోసి, "అయితే ఒకటి గీయి తమ్ముడూ" అన్నారు. పండుగొప్పను మూతి నుంచి తోక దాకా గీశాను. తల కుడి వైపు. ఆయన దాన్ని మా ప్రతిలోని బొమ్మ పక్కన పెట్టి చూసుకుని, ఇంకో కాగితం ఇచ్చి, "ఇప్పుడు ఇదే చేపను తల ఎడమకు పెట్టి గీయి" అన్నారు. ఇది మామూలు పనే గదా అనుకుని మొదలుపెట్టాను. చెయ్యి సాగలేదు. మూతి ఒకచోట, కన్ను ఒకచోట, రెక్క మెడలో మొలిచింది. తుడిచి మళ్ళీ గీశాను. ఇంకా అన్యాయంగా వచ్చింది. మూడోసారికి చెవులు వేడెక్కిపోయి పెన్సిలు కింద పెట్టేశాను. అయిపోయింది, ఇంటికి పోవడమే అనుకున్నాను. పెద్దాయన ఆ రెండు కాగితాలూ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసి, "దించేవాడైతే ఎటైనా దించగలడు. ఇటు రానివాడు అటు గీశాడంటే చేపను చూసి గీసినట్టే" అన్నారు. రాతప్రతికి కట్టిన దారం ఆయనే విప్పారు.

అంతటితో గండం గడిచిందనుకున్నాను. బ్లాకులు చేసేటప్పుడు ఫొటోలోనే బొమ్మను అటుదిటు తిప్పేస్తాం, మీరు గీయక్కర్లేదు, ఖర్చూ ఉండదు అన్నారాయన. నేను సంతోషంతో తలాడించబోతుంటే సార్, "అట్టా కుదరదండీ" అన్నారు. "మేం చేపను కుడి పక్క కోసి లోపలి భాగాలు గీసినాం. బొమ్మను తిప్పితే అవి ఎడమ పక్కవి అయిపోతాయి. పుస్తకంలో ఉండేది చేపలో ఉండదు. పిల్లలు చేపను కోసి, పుస్తకం చూసి, తమదే తప్పనుకుంటారు." పెద్దాయన కాస్త విసుక్కున్నారు. ఏప్రిల్ ఆఖరు లోపల కొత్త బొమ్మలు రాకపోతే ఆ ఏడాదికి ఇక పుస్తకం లేదని తేల్చి చెప్పారు. అప్పటికి ఫిబ్రవరి నెల సగం దాటింది. రెండేళ్ళు పట్టిన పనికి రెండున్నర నెలలు కూడా మిగల్లేదు. చేతకాని చేతితో. తిరుగు బండిలో సార్ హాయిగా నిద్రపోయారు. నాకు కునుకు పట్టలేదు.

ఆ ఆదివారమే సార్ నాతోపాటు మా పల్లెకు వచ్చారు. మా నాయన, అన్న పడవ మీద లోపలికి పోయి ఉన్నారు. ముందు పడవలో వచ్చిన మాగను మా అమ్మ ఇసుకలో పెట్టింది. నేను తల ఊరి వైపుకు తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. సార్‌తో, "అయ్యోరా, మా వాళ్ళింకా లోపలే ఉండారు. తల ఇటు పెట్టడానికి లేదు. ఇంటికి తీసకపోయి ఎట్టా కావాలంటే అట్టా పెట్టుకోండి, ఈడ మాత్రం వద్దు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటి దాకా మోసుకుపోయేసరికి చేప రంగు మారిపోతుంది, కన్ను పాలిపోతుంది. సైన్సు చదువుకున్న మనిషి ముందు ఈ మాటలేమిటని అమ్మ మీద కసిరాను. సార్ నన్నే మందలించారు. "ఆమె మొగుడూ కొడుకూ నీళ్ళల్లో ఉండారు, నీ బొమ్మ కోసం భయపడొద్దంటావా?" అని చెప్పులు అక్కడే వదిలి, లేచి, చేపకు అవతలి పక్కకు పోయి ఎండకు ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, తల సముద్రం వైపే ఉండనీ. చేపను మాత్రం రెండో పక్కకు తిప్పు" అన్నారు. అమ్మ తిప్పింది. "రా, ఈడ కూర్చో" అని నన్ను పిలిచారు. పోయి కూర్చున్నాను. సముద్రం నా ఎడమ చేతి పక్కకు వచ్చింది. చేప తలా ఎడమకే.

అంత మాత్రాన చెయ్యి తిరిగిందనుకోకండి. మొదటి వారంలో ఒక్క బొమ్మ కూడా నిలవలేదు. ఎండ నేరుగా కళ్ళల్లో పడేది. సార్ ప్రతి ఆదివారం వచ్చి నా నెత్తి మీద గొడుగు పట్టుకుని నిలబడేవారు. ఆ గొడుగు కింద నాకు ఊపిరాడేది కాదు. ఆయన ఏమైనా అంటారేమోనని భయం, అననందుకు ఇంకా భయం. మార్చి ఆఖరుకి ఇరవై తేలాయి. పరీక్షలు, పేపర్లు, మధ్యలో మూడు రోజులు జ్వరం. చివరి పదిహేను రోజులు సెలవు పెట్టి పల్లెలోనే ఉండిపోయాను. అరవై మూడో బొమ్మ సిరా ఆరేలోపల పోస్టాఫీసు మూస్తారేమోనని విసనకర్రతో విసిరాం. గడువుకు రెండు రోజుల ముందు పార్సిలు పోయింది. జూలైలో పుస్తకం వచ్చింది. పల్చటి అట్ట, నాసి కాగితం, వెల నాలుగు రూపాయలు. రమణమ్మ తమ్ముడు మొదటి రోజే కొనుక్కుని తెచ్చాడు. సార్ తన కాపీ అందుకుని, మొదటి పేజీ నుంచి పెన్సిలుతో తప్పులు వెతకడం మొదలుపెట్టారు. సాయంత్రానికి పదకొండు దొరికాయని దిగులుపడ్డారు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను డిపార్ట్‌మెంటు హెడ్‌నైన రోజు మిఠాయి పొట్లంతో ఆయనింటికి పోయాను. అప్పటికి ఆయన చూపు బాగా మందగించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఇన్నాళ్ళూ నన్ను తొలుస్తున్నది అడిగేశాను. "సార్, ఆ ఉత్తరం తొమ్మిది రోజులు దాచినందుకు మీరు నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు?" ఆయన నవ్వారు. "అది వచ్చిన రోజే నాకు తెలుసు. మద్రాసు కవరు మీ ల్యాబు పిల్లోడికి ఇచ్చినానని పోస్ట్‌మాన్ గేటు కాడే చెప్పినాడు" అన్నారు. రోజూ పన్నెండింటికి ఆయన అడిగిన ఆ ప్రశ్న, నేను చెప్పిన ఆ అబద్ధం, చేతులు కడుక్కోవడానికి పోతున్న ఆ వీపు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. "మరి అడగొచ్చు గదా సార్? పదిహేను రోజులే గడువని ఉత్తరంలో ఉండింది. పుస్తకం పోయుంటే?" అన్నాను. "గడువు సంగతి నాకేం తెలుసు, కవరు నీ కాడ ఉంటే" అన్నారు. మళ్ళీ ఆయనే, "నాకూ భయంగానే ఉండింది అబ్బయ్యా. రోజూ ఇవాళ అడిగేద్దామని వచ్చేవాణ్ణి. నీ మొహం చూసి, ఇంకొక్క రోజు చూద్దాంలే అనుకునేవాణ్ణి" అన్నారు.

నేను హెడ్‌గా ఉన్న కాలంలో ఒకసారి ఇలాంటిదే జరిగింది. మా డిమాన్‌స్ట్రేటరు మైక్రోస్కోపు పగలగొట్టి బీరువాలో దాచాడు. నాకు పొద్దునే తెలిసింది. ఖాదర్ సార్ లాగా అతనే వచ్చి చెప్పేదాకా ఆగుదామని గట్టిగా అనుకుని, నా గదిలో కూర్చున్నాను. తొమ్మిది రోజులు ఆగడం ఎంత పనో అప్పుడు తెలిసింది. నేను మధ్యాహ్నం భోజనాల దాకా కూడా ఆగలేకపోయాను.